కలర్ పెద్దదా, సీక్వెన్స్ పెద్దదా

హబీబ్ భాయ్ తలకాయ నా భుజం మీద పడ్డది. కథలాపూర్ దాటిందో లేదో, నిద్రవట్టింది మనిషికి. ఆడోళ్లకు టికెట్ లేకుంట అయినసంది బస్సుల మొగోనికి సీటు దొరుకుడే గగనం, గసుంటిది పొద్దుగాల కోరుట్ల బస్టాండుల రుమాలు కిటికీలకెల్లి ఏసి రెండు సీట్లు ఆపిండు, కిటికీ పక్కది నాకే ఇచ్చిండు, నువ్వు కూసో హన్మండ్లూ, గాలి తల్గకపోతే నీకు కడుపుల తిప్పుతది గదా అన్నడు. పాతికేండ్ల దోస్తు. నాకు కడుపుల తిప్పుతదని యాదుంది ఈయనకు. గాలి మంచిగనే తల్గుతున్నది, అయినా తిప్పుతనే ఉన్నది, ఎందుకు తిప్పుతున్నదో నాకొక్కనికే ఎరుక. సిరిసిల్ల ఇంక గంట తొవ్వ, అటో ఇటో గంటంబావు. గా గంటలనే నేను తేల్చుకోవాలె. ఈయన బిడ్డ సిద్రా ముంగట కూసొని ఈయన చెప్పుమన్న మాట చెప్పుడా, నిజం చెప్పుడా.

ఈయన చెప్పుమన్నది ఎంతని, రెండు మాటలు. ఆటల దగా లేదు బిడ్డా, మీ అబ్బాకు ముక్కలు పడలె, నాకు పడ్డయి, గంతే. గీ రెండు మాటలకు నా ఆటో బందువెట్టి, ఇస్త్రీ అంగీ ఏసుకొని వస్తున్న. వచ్చే నెల సిద్రా నిఖా. నిఖాల పిల్ల తరఫున తండ్రి కూసోవాలె, పిల్ల ఒప్పుకున్నదని తండ్రే చెప్పాలె. గా పిల్ల ఏమన్నదంటే, అబ్బా కూసోవద్దు, ఖాలూ కూసుంటడు అన్నది. ఖాలూ అంటే చిన్నమ్మ పెనిమిటి, సిరిసిల్లల మరమగ్గాల కాడ పనిచేస్తడు, తల్లి పోయినంక పిల్లను సాదింది ఆళ్లే. ఎందుకట్ల అంటే ఒకటే మాట, అమ్మ మంచంల ఉంటే ఈయన అమ్మను ముక్కల మీద పెట్టిండు, పెట్టి ఓడిండు, గసుంటోడు నా పెండ్లిల కూసునుడేంది. యాడాది నుంచి తండ్రిని అబ్బా అని పిలుస్తలేదు. ఫోన్ చేస్తే చిన్నమ్మకిస్తది. మనకాడ ఇంట్ల మాట ఇంట్లోళ్లు చెప్తే ఎవ్వలు నమ్మరు గదా, బయటి మనిషొకడు వచ్చి కుర్చీల కూసొని, చాయ్ తాగి, గొంతు సవరిచ్చుకొని చెప్పాలె, గట్లయితేనే అది మాట. భూమి పంచాతికైనా గంతే, ఆలుమొగల పంచాతికైనా గంతే. గిప్పుడు గా పెద్దమనిషిని నేను. నవ్వుడా ఏడుసుడా.

ఆ పిల్లకు అసలు తెల్వకనే పోతుండె. షార్జాల మా రూముల ఉన్న మెట్‌పల్లి ఏసయ్య నిరుడు ఒక దావత్‌ల బిర్యానీ తినుకుంట నోరు జారిండు, మీ అబ్బా, హన్మండ్లు చాచా ఛుట్టీ కోసం ముక్కలాడిండ్రు బిడ్డా, గా దినాలు మళ్ల రావు అని నవ్వుకుంట చెప్పిండట. ఆయనకేం, ఆయన మంచిగనే తిని లేసి పోయిండు. పదకొండేండ్లు కంపెనీ ఛుట్టీ ఇయ్యలె బేటా అని ఈయన చెప్పుకుంట వచ్చిన మాట ఒక్క ముద్దల పోయింది.

బస్సు గుంతల వడ్డది. ఈయన లేస్తడేమో అనుకున్న, లేవలె. గడ్డం తెల్లగయింది, మెహందీ పెట్టుడు బంద్ చేసిండు. అంగీ కాలర్ తానే కుట్టుకుంటడు, కుట్లు సూడాలె ఎంత సన్నగున్నయో, గల్ఫ్‌ల సిమెంటు మోసిన చేతులతోని గసుంటి కుట్టు ఎట్ల పడతదో. దుకాణంల మిషిన్ మీద సుత సిద్రా ఫోటోనే, చిన్నప్పటిది, రెండు జడలు. ఆ పిల్ల పొద్దంత బట్టల ఫ్యాక్టరీల అంగీలు కుడ్తది, ఈయన కోరుట్లల అంగీలు కుడ్తడు, ఇద్దరు మాట్లాడుకోరు. నాకు అలసటగున్నది. పొద్దున లేసినప్పటి సంది గిదే అలసట, బండి తోలినా ఇంతుండదు. వారం రోజుల సంది ఒక్క సంగతి లోపల పెట్టుకొని తిరుగుడు ఎంత బరువుంటదో తెలిస్తే నేను ఆ ఐతారం జగిత్యాలకు పోయేటోన్నే కాదు.

జగిత్యాలల నా బిడ్డ గీత ఉంటది, కంటి దవాఖానల చిట్టీలు రాస్తది. తిన్నంక గోడకొరిగి ఫోన్ వత్తుకుంట కూసున్నది. తొంగి సూస్తే పచ్చటి బల్ల, బల్ల నడుమ ముక్కలు. ఇదేందే అంటే పోకర్ బాపూ, ఉత్తుత్తి బిళ్లలే, పైసల్ గావు అన్నది. నాకు నవ్వచ్చింది. పోకర్ నాకు సూపెడ్తున్నవా, షార్జా క్యాంపుల మేం ఎంత ఆడినమో అని ఎచ్చులకు వోయిన, ఓపారి సీక్వెన్స్ పట్టి కలర్‌ను గొట్టిన అని సుత చెప్పిన. అది తలకాయ లేపకుంటనే అన్నది, "కలర్‌ను గొట్టుడేంది బాపూ? కలర్ పెద్దది." కాదే, సీక్వెన్స్ పెద్దది అన్న. "గది మూడు ముక్కలాటల. గీ ఆటల కలర్ పెద్దది. ఐదు ముక్కలు వరుస పడుడు అల్కగ అయితది, ఐదు ఒక్కటే రంగుయి పడుడు కష్టం." నమ్మలేదని పట్టిక తీసి సూపెట్టింది. కింద ఉత్త పెద్ద ముక్క, దాని మీద జత, రెండు జతలు, మూడొక్కతీరుయి, గాటి మీద వరుస, వరుస మీద కలర్, కలర్ మీద మూడూ రెండూ కల్సినయి, గాటి మీద నాలుగొక్కతీరుయి, అన్నిట్ల మీద ఒక్కటే రంగుల వరుస. నేను వరుస మీద వేలువెట్టి, వేలు ఇంత మీదికి జరిపి కలర్ సూసిన. మళ్ల కిందికి, మళ్ల మీదికి. మనకాడ మూడు ఎక్కలు పడ్డోడు రాజు, గక్కడ గది నడిమిట్ల యాడ్నో ఉంటది. అన్ని ఉల్టా. గీత మళ్ల ఆటల వడ్డది. చాయ్ పెట్టాల్నా బాపూ అన్నది. వద్దన్న. నా జన్మల చాయ్ వద్దన్నది గప్పుడే కావచ్చు.

రోమెల్ నేర్పిండు మాకు. ఫిలిప్పీనోడు, పొట్టి మనిషి, ఏసీ పైపులు అతుకుతుండె, మాతోనే రూముల ఉండె. శుక్రారం శుక్రారం మంచం మీద దుప్పటి పరిచి నేర్పిండు. ఒక్కొక్కనికి రెండు ముక్కలే, ఎదుటోనికి కనపడనియ్యద్దు. ముక్కలు సూడకముందే ఒకడు ఒక శెనగ, ఇంకొకడు రెండు శెనగలు నడుమ పెట్టాలె, గుడ్డిగ పెట్టుడన్నట్టు, లేకపోతే అందరు మంచి ముక్కల కోసం కూసొని ఆటనే నడువదు అంటుండె. గటెనుక చేతులయి సూసుకొని మాట చెప్పాలె. ఎదుటోడు పెట్టినంత పెడ్తే ఉన్నట్టు, ఎక్కువ పెడ్తే పెంచినట్టు, మనసొప్పకపోతే ముక్కలు బోర్ల పడేసి తప్పుకొనుడు, పెట్టినయి పోతయి గని ఇంక పోయేటియి మిగుల్తయి. తర్వాత నడుమ మూడు ముక్కలు తెరుస్తరు, అవి అందరియి. మళ్ల మాట. నాలుగోది తెరుస్తరు, మళ్ల మాట. ఐదోది, ఆఖరి మాట. చేతుల రెండు, నడుమ ఐదు, ఏడిట్ల మంచియి ఐదు ఏరుకొని సూపెట్టాలె. మంచియి లేకపోయినా పెంచచ్చు, ఎదుటోడు భయపడి పడేస్తే ఉత్త ముక్కలతోనే గెలుస్తవు, గది ఇంకా పెద్ద విద్య అంటుండె. గా విద్య మాకు రాలె. హబీబ్‌కు మంచి ముక్కలు వస్తే గడ్డం దువ్వుకుంటడు, నాకు చెడ్డయి వస్తే దగ్గుతనట. ఇద్దరికి ఇద్దరం తెల్సు. శెనగలతోని ఆడి, ఆట అయినంక గవ్వే ఏంచుకొని తింటుంటిమి. రోమెల్ ఏది పెద్దదో ఏది చిన్నదో అట్ట మీద ఇంగ్లీషుల రాసి గోడకు కొట్టిండు, మాకు ఇంగ్లీషెక్కడిది, ఏసయ్యకు జెరంత వస్తుండె గని ఆయన ఆటకు కూసోడు. రెండు నెలలు ఆడినం. ఎప్పుడు జతలే పడుడు, మహా అంటే మూడొక్కతీరుయి. కలర్, సీక్వెన్స్ ఎదురుపడ్డది రెండు నెలలల్ల ఒక్కపారి గూడ లేదు. ఏది పెద్దదని అడిగే అవసరమే రాలె. చిన్నప్పటి సంది మూడు ముక్కలాట ఆడినోళ్లం, సీక్వెన్స్ పెద్దదని మాకు అమ్మ చెప్పినంత ఎరుక.

చందుర్తి వచ్చినట్టున్నది. ఇద్దరాడోళ్లు దిగిండ్రు, నలుగురెక్కిండ్రు. ఒకామె సంచి నా మోకాళ్ల మీద పెట్టింది, జెర పట్టుకో తమ్మీ అన్నది, యాభై నాలుగేండ్ల తమ్మిని. సంచిల మక్కకంకులున్నయి, వెచ్చగున్నయి. పట్టుకున్న. ఏదన్న పట్టుకునుడే మంచిగనిపిచ్చింది.

పన్నెండేండ్ల కింద, షార్జాల, ఒక్కటే వారంల ఇద్దరికి ఫోన్లు వచ్చినయి. బీర్పూర్ల మా బాపు తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు, తుంటి ఇరిగింది, బతుకుడు కష్టమన్నరు. సిరిసిల్ల నుంచి ఈయనకు ఫోన్, భార్య తాహెరాబీకి జరం తగ్గుతలేదు, చెల్లెలింట్ల ఉంచుకున్నరు, రమ్మంటున్నది. ఫోర్‌మన్ కాడికి ఇద్దరం కలిసే పోయినం. పని ఎన్కవడ్డది, ఒక్కనికే ఛుట్టీ, ఇంకొకనికి రెండు నెలలకు, ఎవలో మీరే చెప్పుండ్రి అన్నడు. గింక సూడు మా పంచాతి. నువ్వు పో అని నేను, నువ్వు పో అని ఆయన. మా బాపు ముసలోడు, నీది పెండ్లాం అంట నేను. తండ్రి ఒక్కడే ఉంటడు, ఆమెది జరమే గదా అంటడు ఆయన. మనసుల ఇద్దరికి పోవాల్ననే ఉన్నది. నాకు పోవాలె అని ఒక్కడన్న నోరు తెరిచి అన్నడా, అనలె. అంటే దోస్తీ ఏం గావాలె, ఇజ్జత్ ఏం గావాలె. మూడు దినాలు గిట్లనే ఒకని మీదికొకడు నెట్టుకున్నం. నాలుగోనాడు ఆయనే అన్నడు, ముక్కలేద్దాం, అల్లా ఎవర్ని పంపుతే వాడు పోతడు. మూడు ముక్కలాట ముట్టనని తాహెరాబీకి మాటిచ్చినవ్ గదా భాయ్ అన్న. "గది మూడు ముక్కలు. గిది ఐదు" అన్నడు. గా ఒక్క మాటకు ఇద్దరం పడి పడి నవ్వినం. నవ్వొస్తే బరువు దిగినట్టుండె.

శుక్రారం, నమాజ్ చేసి అచ్చిండు, అన్నం తిన్నం. రోమెల్ చర్చికి పోయిండు, ఏసయ్య బట్టలు పిండుకుంటుండె. చెరి యాభై శెనగలు, ఎవని శెనగలు ఒడిస్తే వాడు ఆగాలె. చానసేపు ఆడినం. గటెనుక గా ముక్కలు వచ్చినయి, నాకు ఇప్పటికి కండ్లల్ల ఉన్నయి. నా చేతుల ఆఠీన్ తొమ్మిది, కళావర్ పది. నడుమ ఇస్పేట్ ఆరు, ఇస్పేట్ ఏడు, డైమన్ ఎనిమిది. మూడు తెరవంగనే నాకు వరుస పడ్డది, ఆరు ఏడు ఎనిమిది తొమ్మిది పది. నాలుగోది ఆఠీన్ రాజు, నాకేం పని లేదు దాంతోని. ఐదోది ఇస్పేట్ రెండు. హబీబ్ గడ్డం దువ్వుకున్నడు. నేను దగ్గలె. ఉన్న శెనగలన్ని నడిమికి నూకిన, ఆయన సుత నూకిండు. నేను ముందుగాల సూపెట్టిన. ఆయన తన రెండు ముక్కలు మెల్లగ తిప్పిండు, ఇస్పేట్ ఎక్క, ఇస్పేట్ జాకి. నడుమయి మూడు ఇస్పేట్లు కలిపితే ఐదు. కలర్. ఆయన నా ముక్కల దిక్కు సూసిండు, వేలుతోని లెక్కవెట్టిండు, ఆరు, ఏడు, ఎనిమిది. "సీక్వెన్స్" అన్నడు. "నీదే పెద్దది." ఆయన నోటితోనే అన్నడు, నేను అనలె. వారం సంది గిదొక్కటే పట్టుకొని ఏలాడుతున్న, ఆయనే అన్నడు, నేను అనలె. నా భుజం మీద చెయ్యేసి, జా హన్మండ్లూ, మీ బాపును సూడు అన్నడు. కండ్లల్ల నీళ్లు నాకు వచ్చినయి, ఆయనకు రాలె.

వచ్చిన. మా బాపు చావలె. నేను మొకం సూపెట్టిన రెండో దినమే లేసి కూసున్నడు, కల్లు తెమ్మన్నడు. ఆరేండ్లు బతికిండు. కూరల ఉప్పు తక్కువైందని కోడలిని తిట్టుకుంట ఆరేండ్లు. బతికినందుకు సంబురపడాలె గని, గా ఆరేండ్లల్ల ఒక్కొక్క ఏడు నా నెత్తి మీద అప్పు లెక్క పెరిగింది, ఎవలికి చెప్పుకుంట. తాహెరాబీ కాడికి సుత పోయిన, హబీబ్ పంపిన దుప్పటి, సెంటు, పాలపిండి డబ్బా పట్టుకొని. మంచంల ఉండె. మొకమంత కండ్లే. నా ఎనుక తలుపు దిక్కు సూసింది, ఇంకెవలన్న వస్తరేమోనని. "ఆయన రాలేదా అన్నా?" అన్నది. రెండు నెలలకు వస్తడమ్మా అన్న. మంచిది అన్నది. సిద్రా దుప్పటి కవరు చింపి కప్పుకొని ఇల్లంత తిరుగుతుండె, పదేండ్ల పిల్ల. పదహారో దినం తాహెరాబీ పోయిందని ఫోన్ వచ్చింది. ఖబరస్తాన్ల మొగోళ్లందరు వరుసగ మట్టి ఏస్తుంటే, హబీబ్ తరఫున నువ్వెయ్యి అన్నరు నన్ను. మూడు దోసిళ్లు ఏసిన. గా మట్టి ఏసే హక్కు ఎవలిదో గప్పుడు నాకు తెల్వది.

తెల్వదా? నిజంగనే తెల్వదా? గిక్కడ్నే, గీ సీట్ల కూసొని, ఎవ్వలు వినకుంట నాతోని నేను అనుకుంటున్న మాటలల్ల సుత అబద్ధమాడుతున్ననా. గా శుక్రారం పొద్దుమూకి రోమెల్ వచ్చిండు. ఎవలు గెల్చిండ్రు అన్నడు వచ్చీరాని హిందీల. నేనే అన్న. ఏంటితోని అన్నడు. సీక్వెన్స్ అన్న. వాడు మంచిది మంచిది అని, మరి హబీబ్‌కు ఏం పడ్డయి అన్నడు. హబీబ్ గప్పుడు బయట చేతులు కడుక్కుంటుండె. నా నోట్లకెల్లి జత అని వచ్చింది. కలర్ అని రాలె. ఎందుకు రాలె? కలర్ అంటే రోమెల్ ఏమంటడో నాకు తెల్వది, తెల్వదంటే తెల్వది, గని గోడ మీది అట్ట యాదికచ్చింది, ఏసయ్యను ఎన్నడు సదువుమనకపోతిమి అని యాదికచ్చింది, నోరు దానంతట అదే జత అన్నది. సంచి సగం సర్దుకొని ఉన్న. పాస్‌పోర్ట్ చేతికిస్తమన్నరు. అడుగుతే ఏమైతుండె, ఒక్క మాట అడుగుతే. పన్నెండేండ్లు అడుగలె నేను. ఎవ్వల్ని అడుగలె. పోకర్ అన్న మాట వస్తేనే లేసి పోయేటోన్ని. గీత ముంగట ఎచ్చులకు వోయిననంటే, గది ఎచ్చులు గాదేమో, ఎవలన్న చెప్పాలె ఇంక, నాతోని అయితలేదు అన్నట్టున్నదేమో. తెల్వది. మనిషికి తన కడుపుల సంగతి తనకే సరిగ తెల్వది.

వేములవాడ బస్టాండ్ల బస్సు ఆగింది. గుండ్లు చేపిచ్చుకున్నోళ్లు ఇరవై మంది ఒక్కపారి ఎక్కిండ్రు, గంధం వాసన, పిల్లల ఏడుపు. మక్కల సంచి ఆమె దిగిపోయింది, ఒక కంకి నా చేతుల పెట్టి మరీ పోయింది. హబీబ్ లేసి మొకం తుడుసుకున్నడు. "కంకెక్కడిది?" అన్నడు. ఎవలో ఇచ్చిండ్రు అన్న. ఇరిసి సగం ఆయనకిచ్చిన. తినుకుంట, మెల్లగ, కిటికీ అవుతలికి సూసుకుంట అన్నడు, "ముక్కల పేర్లు సుత చెప్పు హన్మండ్లూ. నాకేం పడ్డయి, నీకేం పడ్డయి అన్ని చెప్పు. ఆ పిల్లది తల్లి లెక్కనే, గింజ గింజ అడుగుతది. ఉత్తగ చెప్తే నమ్మది." భాయ్ అన్న నేను. ఊ అన్నడు. ఏం లేదు అన్న. "నీకింకా తిప్పుతున్నదా కడుపుల?" అని సంచిలకెల్లి నిమ్మకాయ తీసి ఇచ్చిండు. ఇంటికాడికెల్లి తెచ్చిండు నా కోసం. గా నిమ్మకాయ గిల్లి వాసన సూసిన.

ఇద్దరు ఒప్పుకున్నదే కానూను గదా, అని ఒక మనసు. ఇద్దరం సీక్వెన్స్ పెద్దదే అనుకొని కూసున్నం, గా లెక్కన నేనే గెల్చిన, లోకం లెక్క మాకెందుకు. నిజమే. మరి జత అని ఎందుకన్నవురా అని ఇంకో మనసు. చెప్పకు, చెప్తే ఏమొస్తది, తాహెరాబీ వస్తదా, ఉన్న ఒక్క దోస్తు పోతడు, ఇంట్ల పండుగైనా చావైనా ఫస్ట్ ఫోన్ చేసేది ఈయనకే. చెప్పకపోతే ఈయన నిఖాల కూసుంటడు, పిల్ల మాట్లాడుతది, అందరు సుఖంగ ఉంటరు. ఇంత సుఖం అబద్ధంల ఉంటే అబద్ధమే మంచిదాయె. గని ఆ పిల్ల ముక్కలు అడుగుతది. అడిగి, వయసు పిల్ల, గీత లెక్కనే ఫోన్ తీసి సూసుకుంటది ఎన్నడో ఒకనాడు. గప్పుడు తండ్రి సుత అబద్ధాల సాక్షిని తెచ్చినోడైతడు. మానేరు వాగు కానొచ్చింది. సిరిసిల్ల.

ఇంట్ల ఖాలా, అదే చిన్నమ్మ, లేదు, బీడీల కార్ఖానకు పోయిందట. సిద్రా ఒక్కతే ఉన్నది, ఆ దినం పనికి పోలె. సలాం చాచా అన్నది నాకు. తండ్రి దిక్కు సూడకుంట ఇద్దరికి నీళ్లిచ్చింది. నేను కుర్చీల, ఆయన మంచం అంచుకు, ఆ పిల్ల తలుపు కాడ నిలవడి. పక్కింట్లకెల్లి మగ్గాల సప్పుడు, గట్టిగ మాట్లాడకపోతే వినపడదు. హబీబ్ నా దిక్కు సూసి తలూపిండు, ఇగ చెప్పు అన్నట్టు. గొంతు సవరిచ్చుకున్న. నా ముక్కలు చెప్పిన, తొమ్మిది, పది. నడుమయి చెప్పిన ఐదు. మీ అబ్బాకు ఇస్పేట్ ఎక్క, ఇస్పేట్ జాకి అన్న. దగా లేదని చెప్పు అన్నట్టు ఆయన ముంగటికి వంగిండు. "ఆయనది కలర్ బిడ్డా. నాది సీక్వెన్స్. నాదే పెద్దదనుకున్నం ఇద్దరం. గా ఆటల కలర్ పెద్దది. పోయిన వారం తెలిసింది నాకు. మీ అబ్బా ఓడలె."

హబీబ్ వేళ్ల మీద ఏదో లెక్కవెట్టుకున్నడు. ఆ పిల్ల నా దిక్కు, ఆయన దిక్కు సూసింది. "అంటే రావాల్సింది అబ్బానేనా?" అన్నది. ఆయనే బిడ్డా అన్న. హబీబ్ మొకం ఎట్లనో అయింది, గని గా మొకంతోనే నవ్వబోయిండు, నన్ను సూసి జాలిపడ్డడు, దేవుడా, నన్ను సూసి. "జానేదో బేటా, తెల్వక అయింది. ఇద్దరం అనాడీలమే, ఆట రానోళ్లమే. నేనే అన్న గద నీదే పెద్దదని. చాచా తప్పు లేదు" అన్నడు. చెయ్యి నా మోకాలు మీద పెట్టిండు. గక్కడ ఆగిపోతే అయిపోతుండె. అంతా మంచిగ ఒడుస్తుండె. గా చెయ్యి నా మోకాలు మీద లేకపోతే ఆగేటోన్నేమో, గంత మంచిగ ఉండె గా చెయ్యి. రోమెల్ అడిగిన సంగతి చెప్పిన. నువ్వు చేతులు కడుక్కుంటుంటివి భాయ్, నీకు జత పడ్డదని చెప్పిన వానికి, కలర్ అని చెప్పలె, ఎందుకు చెప్పలెనో నాకు తెల్సు అన్న.

హబీబ్ చెయ్యి తీసిండు. కోపంగ తియ్యలె. మెల్లగ తీసి తన ఒళ్ల పెట్టుకున్నడు. గటెనుక అన్నడు, "గిన్నేండ్లు అల్లా రాసిండనుకున్న హన్మండ్లూ. గట్లనుకొనే సబర్ చేసిన, ఓర్సుకున్న." ఇంకేమన్న అంటే మంచిగుంటుండె, తిడ్తే ఇంకా మంచిగుంటుండె. కండ్లు తుడుసుకోను రుమాలు దేవులాడిండు, జేబుల దొరకలె. సిద్రా వచ్చి తన చున్నీ అంచు అందిచ్చింది. "అబ్బా, పొద్దుగాల ఏం తినలేదు గావచ్చు నువ్వు" అన్నది. యాడాదికి వచ్చిన మాట. లోపలికి పోయింది. గిన్నెల సప్పుడు వినవచ్చింది. అన్నం, పప్పు ఏసుకొని కంచం పట్టుకొచ్చి తండ్రి ముంగట పెట్టింది. ఒక్కటే కంచం. నేను రెండోది వస్తదని కొద్దిసేపు కూసున్న. హబీబ్ ముద్ద కలుపుతున్నడు, తలకాయ లేపలె. పిల్ల ఆయన పక్కన మంచం మీద కూసున్నది. లేసి వాకిట్ల చెప్పులేసుకున్న. జెర ఆగి ఏసుకున్న, రెండోది మరీ మెల్లగ ఏసుకున్న. కూసో అని ఎవ్వలు అనలె.